బోరు నీళ్లలో సబ్బు నురగ రావడం లేదు: అసలు సబ్బు, నీళ్లు కలిసి ఒంటిని ఎలా శుభ్రం చేస్తాయి?

విభాగం: ఇల్లు, ఆరోగ్యం, సైన్స్

వేపచెట్టు | నిజాంపేట, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మేం రాజమండ్రి నుంచి ఇక్కడికి మారి కొన్ని నెలలైంది. అపార్ట్‌మెంట్‌లో వాడుకకి బోరు నీళ్లు, చాలనప్పుడు ట్యాంకర్. అక్కడ గోదావరి నీళ్లలో సబ్బు ఇలా తాకిస్తే అలా నురగ వచ్చేది. ఇక్కడ ఎంత రుద్దినా రాదు. స్నానమయ్యాక చేతి మీద గోరుతో గీస్తే తెల్లగా గీత పడుతోంది. బకెట్ అంచుకి, మగ్గుకి జిగటగా తెల్ల పొర. మా చిన్నాడికి మోచేతి మడతల్లో దురద మొదలైంది.

మా అత్తగారు క్రిములు చంపే సబ్బు కొనమంటున్నారు. మావారు సబ్బు ఇంకాస్త ఎక్కువ రుద్దమంటారు. ఏ సబ్బు కొనాలో చెప్పమని నేను అడగడం లేదండీ. సబ్బు అసలు ఏం చేస్తుంది, ఈ నీళ్లలో ఆ పని ఎందుకు చేయలేకపోతోంది? అది అర్థమైతే ఏం చేయాలో నేనే తేల్చుకుంటాను. తెలిసినవాళ్లు వివరంగా రాయండి, ఎంత పొడుగైనా చదువుతాను.

పాలమూరు_బిడ్డ | మహబూబ్‌నగర్

అక్కా, తప్పు సబ్బుది కాదు, నీళ్లది. మా ఊళ్లో కూడా బోరు నీళ్లు ఇంతే. కందిపప్పు కూడా సరిగ్గా ఉడకదు. ముందు మీ నీళ్లలో కఠినత్వం (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం) ఎంతుందో పరీక్ష చేయించండి.

కెమిస్ట్రీ_లెక్చరర్ | గుంటూరు

వేపచెట్టు గారూ, మీరు అడిగిన తీరు నాకు బాగా నచ్చింది. మా ఇంటర్ పిల్లలకు చెప్పే వరసలోనే రాస్తాను.

ముందు మురికి సంగతి. పొడి దుమ్ము ఒక్కటే అయితే నీళ్లు పోస్తేనే పోతుంది. కానీ మన చర్మం సీబమ్ అనే నూనెను ఎప్పుడూ ఊరిస్తూ ఉంటుంది. రాలడానికి సిద్ధంగా ఉన్న చర్మకణాలు, చెమటలోని లవణాలు, వీధి దుమ్ము, బాక్టీరియా అన్నీ ఆ నూనెలో చిక్కుకుని ఒంటిని పట్టుకుని ఉంటాయి. నీటి అణువులేమో ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి, నూనెను తమ మధ్యకు రానివ్వవు. అందుకే నూనె రాసుకున్న చేతి మీద నీళ్లు బొట్లు బొట్లుగా నిలబడతాయి. 25 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత, అంటే పైపొర బిగువు, మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు కలిస్తే అది 30 దగ్గరికి పడిపోతుంది. అప్పుడు నీళ్లు బొట్టుగా నిలబడలేక పరుచుకుని, చర్మం సందుల్లోకి, నూనె అంచుల కిందికి పాకుతాయి.

ఇక సబ్బు. నూనెను కాస్టిక్ సోడాతో కలిపితే సబ్బు, గ్లిజరిన్ వస్తాయి. సబ్బు అణువు అంటే 12 నుంచి 18 కార్బన్ల పొడవాటి గొలుసు, దాని చివర రుణావేశం ఉన్న కార్బాక్సిలేట్ ముక్క. గొలుసుకు నూనె అంటే ఇష్టం, చివరి ముక్కకు నీళ్లంటే ఇష్టం. రుద్దినప్పుడు ఈ గొలుసులు నూనెలోకి దిగుతాయి, ఆవేశం ఉన్న కొసలు నీళ్ల వైపు తిరిగి నిలబడతాయి. చర్మాన్ని పరుచుకుని ఉన్న నూనె పొర అంచుల నుంచి ముడుచుకుంటూ చిన్న చిన్న బిందువులుగా మారి పైకి లేస్తుంది. ప్రతి బిందువు చుట్టూ సబ్బు అణువుల తొడుగు ఉంటుంది. నీళ్లలో మిగిలిన సబ్బు అణువులు కూడా కొన్ని పదుల చొప్పున గుమిగూడి మిసెల్స్ అనే గుండ్రటి గుంపులు కడతాయి. కాస్త నూనె వాటి కడుపులో దాక్కుంటుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు ఇంతకంటే ముఖ్యమనిపించే సంగతి ఇంకొకటి ఉంది. ఆ తొడుగు అంతా రుణావేశమే. కాబట్టి రెండు నూనె బిందువులు దగ్గరికొస్తే వికర్షించుకుంటాయి, మళ్లీ కలిసి పొరగా మారవు. సబ్బు నీళ్లలో చర్మం పైభాగం కూడా రుణావేశంతోనే ఉంటుంది కాబట్టి దాని మీదకు తిరిగి వచ్చి అతుక్కోవు. ఊడదీయడం సగం పని, మళ్లీ అతుక్కోకుండా చూడడం మిగతా సగం. ఆ తర్వాత మోసుకుపోవడం నీళ్ల వంతు. కడగకుండా తుడిచేస్తే ఊడిన మురికి అక్కడే ఆరిపోతుంది.

ఇప్పుడు మీ బోరు నీళ్లు. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వీటికి ఒక్కోదానికి రెండేసి ధనావేశాలు. ఒక్క కాల్షియం అయాన్ రెండు సబ్బు అణువుల కొసలను పట్టేసుకుంటుంది. అలా వచ్చిన కాల్షియం సబ్బు నీళ్లలో కరగదు, విరిగిన పాలలా తెల్లగా ముద్దలు కడుతుంది. మీ బకెట్ అంచున ఉన్నది అదే. మీ చేతి మీద గీసినప్పుడు కనిపించేదాంట్లో కూడా అది కొంత ఉంటుంది.

వేపచెట్టు

చాలా థాంక్స్ సార్. అంటే ఎక్కువ సబ్బు రుద్దితే కాల్షియం అయిపోయి, ఆ తర్వాత నురగ వస్తుందన్నమాట. మావారు చెప్పింది ఒకరకంగా కరెక్టేనా?

కెమిస్ట్రీ_లెక్చరర్

లెక్క వేద్దాం. నీటి కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్ రూపంలో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు. 100 మిల్లీగ్రాములంటే ఒక మిల్లీమోల్ (అణువులను లెక్కపెట్టే కొలత). దానికి రెండు మిల్లీమోళ్ల సబ్బు బలి. సోడియం స్టీరేట్ అణుభారం 306. అంటే ప్రతి 100 మిల్లీగ్రాముల కఠినత్వానికి లీటరుకు సుమారు 0.6 గ్రాముల సబ్బు ఏ పనీ చేయకుండానే పోతుంది. 300 ఉన్న నీళ్లు 20 లీటర్ల బకెట్ నిండా ఉంటే, ఆ మొత్తం నీళ్లను శాంతపరచడానికి 36 గ్రాముల సబ్బు కావాలి. 100 గ్రాముల సబ్బు బిళ్లలో మూడో వంతు పైనే!

స్నానంలో బకెట్ మొత్తం సబ్బుతో కలవదు కాబట్టి అంత పోదు. కానీ పోయినదంతా ముద్దగా మారి ఒంటి మీదే కదా ఉండేది. ఎక్కువ రుద్దితే నురగ వస్తుంది, దాంతో పాటు ఆ తెల్ల పొరా పెరుగుతుంది. అందుకే ఆ దారి వద్దంటాను.

నీళ్లు కాచి చూడండి. బైకార్బొనేట్ల వల్ల వచ్చే కఠినత్వం కాగితే పోతుంది. గీజర్ కాయిల్‌కి, నీళ్లు కాచే గిన్నెకి పట్టే తెల్ల పెచ్చు అదే. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది కాచినా పోదు.

ఉప్పాడ_తీరం | కాకినాడ జిల్లా

మా నాన్న వేటకెళ్లేవారు. బోటులో తాగే నీళ్లు ఖర్చు పెట్టకూడదని సముద్రపు నీళ్లతోనే చేతులు కడిగేవాళ్లు. మామూలు సబ్బు అసలు అరగదు, చేతిలో మైనం బిళ్లలా ఉంటుంది. కొబ్బరినూనె సబ్బు అయితే కాస్తయినా నురగ ఇస్తుంది. దీనికి కారణం ఏమిటి సార్? సముద్రంలో కూడా కాల్షియమేనా?

కెమిస్ట్రీ_లెక్చరర్

ఉంది తమ్ముడూ, మెగ్నీషియం అయితే ఇంకా ఎక్కువ. దానికి తోడు ఉప్పు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. సోడియం అంత ఎక్కువగా ఉంటే సబ్బు కరగలేక బయటికి వచ్చేస్తుంది. సబ్బు ఫ్యాక్టరీల్లో ఇదే ఉపాయం వాడతారు: ఉడికిన ముద్దలో ఉప్పు వేస్తే సబ్బు పైకి తేలుతుంది, గ్లిజరిన్ ఉప్పు నీళ్లతో కిందికి పోతుంది.

కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండేది 12 కార్బన్ల లారిక్ ఆమ్లం. పామాయిల్లో 16, 18 కార్బన్లవి ఎక్కువ. గొలుసు పొట్టిదైతే సబ్బు తేలిగ్గా కరుగుతుంది, ఉప్పు నీళ్లను కూడా కొంత తట్టుకుంటుంది. అందుకే సముద్రం మీద పనిచేసేవాళ్లకు కొబ్బరినూనె సబ్బు పాతకాలం నుంచీ అలవాటు.

మెహిదీపట్నం_మోహన్

ఇంత రసాయనశాస్త్రం ఎందుకండీ. యాంటీబాక్టీరియల్ సబ్బు తెచ్చుకోండి. 99.9 శాతం క్రిములు చస్తాయని దాని మీదే రాసి ఉంటుంది. పిల్లాడికి దురద అంటే ఇన్ఫెక్షనే. క్రిములు చావకపోతే శుభ్రం ఎలా అవుతుంది?

తెల్లకోటు | చర్మవ్యాధుల విభాగం, విశాఖపట్నం

మోహన్ గారూ, దురద అంతా ఇన్ఫెక్షన్ కాదండీ. క్రిముల విషయానికి వస్తే, శుభ్రం కావడానికి అవి చావాల్సిన పని లేదు. ఒంటి మీద నుంచి కాలువలోకి పోతే చాలు.

దీని మీద గట్టి పరీక్ష జరిగింది. కరాచీలోని పేద కాలనీల్లో కొన్ని ఇళ్లకు మామూలు సబ్బు, కొన్నింటికి ట్రైక్లోకార్బన్ అనే క్రిమిసంహారకం 1.2 శాతం ఉన్న యాంటీబాక్టీరియల్ సబ్బు ఇచ్చి, చేతులు ఎప్పుడు ఎలా కడుక్కోవాలో వారం వారం చెప్పి వచ్చారు. ఫలితాలు 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సబ్బు ఇవ్వని ఇళ్లతో పోలిస్తే మామూలు సబ్బు వాడిన ఇళ్లలో ఐదేళ్ల లోపు పిల్లలకు న్యుమోనియా సగానికి తగ్గింది. 15 ఏళ్ల లోపు పిల్లల్లో విరేచనాలు కూడా సగానికి పైగా తగ్గాయి. యాంటీబాక్టీరియల్ సబ్బు వల్ల అదనంగా లాభమేమీ కనిపించలేదు. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బన్‌తో సహా 19 పదార్థాలను ఇళ్లలో వాడే యాంటీసెప్టిక్ సబ్బుల్లో వాడొద్దంది. మామూలు సబ్బు, నీళ్ల కంటే అవి మెరుగని కంపెనీలు రుజువు చూపించలేకపోయాయి.

ఆసుపత్రిలో ఆపరేషన్‌కి ముందు మేం వాడే క్లోర్‌హెక్సిడిన్ వంటివి వేరే సంగతి. ఇంట్లో పిల్లాడికి స్నానం చేయించడానికి వాటి అవసరం లేదు.

మెహిదీపట్నం_మోహన్

సరే, మరి కరోనా అప్పుడు సబ్బు వైరస్‌ని చంపుతుందని డాక్టర్లే చెప్పారు కదా?

తెల్లకోటు

చెప్పాం, అదీ నిజమే. కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు గొలుసులు నూనెలోకి దిగినట్టే ఆ పొరలోకి కూడా దిగి దాన్ని చీల్చేస్తాయి. ఫ్లూ వైరస్‌కీ అలాంటి పొరే ఉంది. కానీ వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి, పోలియో వైరస్‌కి ఆ కొవ్వు పొర లేదు. వాటిని సబ్బు చీల్చలేదు, ఊడదీసి నీళ్లలో పంపేయడమే. నోరోవైరస్ మీద శానిటైజర్ కూడా సరిగ్గా పనిచేయదు. అక్కడ సబ్బు, నీళ్లే దిక్కు.

అందుకే 20 సెకన్లు రుద్దమంటాం. ఆ సమయంలో ఎక్కువ పని చేసేది చేతుల రాపిడి. వేళ్ల మధ్య, గోళ్ల కింద రుద్దకుండా అరచేతులు మాత్రం తడుపుకుంటే అరగంట నిలబడినా ప్రయోజనం లేదు. నీళ్లు వేడివా చల్లవా అన్నదానితో పెద్ద తేడా రాదు.

అంగన్‌వాడీ_టీచరమ్మ | ప్రకాశం జిల్లా

మా సెంటర్లో పిల్లలకు అన్నం ముందు చేతులు కడిగిస్తాం. కొన్నిసార్లు సబ్బు అయిపోతుంది. ఉత్త నీళ్లతో కడిగిస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా డాక్టర్ గారూ, లేక కంటితుడుపేనా?

తెల్లకోటు

తప్పకుండా ఉంటుంది అమ్మా, మానకండి. 2011లో లండన్‌లో ఒక పరిశోధన చేశారు. బస్సుల్లో, మ్యూజియంలో జనం పట్టుకునే కడ్డీలు, తలుపు పిడులు తాకించి, చేతుల మీద మలసంబంధమైన బాక్టీరియా ఉందేమో చూశారు. కడుక్కోకపోతే 44 శాతం సార్లు దొరికింది. ఉత్త నీళ్లతో కడిగితే 23 శాతం, సబ్బుతో కడిగితే 8 శాతం. నీళ్లు, రాపిడి కలిసి సగం పని చేస్తాయి. మిగతాది నూనెలో ఇరుక్కుని ఉంటుంది, దానికి సబ్బు కావాలి. అన్నం ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక మాత్రం సబ్బు ఉండేలా చూడండి. అరిగిపోయిన ముక్కలు నీళ్లలో నానబెట్టి సీసాలో పోసి వాడుకున్నా చాలు.

అంగన్‌వాడీ_టీచరమ్మ

సీసా మాట బాగుంది. రేపే చేస్తాను.

నలుగుపిండి | తెనాలి

సబ్బు రాకముందు మనవాళ్లు మురికిగా ఏమీ లేరు కదండీ. మా ఇంట్లో ఇప్పటికీ ఆదివారం నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడుకాయతో తలంటుతాం. మా నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి, అయినా కుంకుడు రసం బ్రహ్మాండంగా నురగ వస్తుంది. సబ్బుకి రాని నురగ దీనికెలా వస్తుందో చెప్పండి.

కెమిస్ట్రీ_లెక్చరర్

మంచి ప్రశ్న అమ్మా. కుంకుడుకాయలో ఉండేవి సపోనిన్లు. వాటిలో నూనెను ఇష్టపడే భాగం ఒకటి, దానికి అతికి ఉన్న చక్కెర అణువులు నీళ్లను ఇష్టపడే భాగం. సబ్బు రుణావేశం మీద ఆధారపడినట్టు ఇవి ఆధారపడవు, వీటి పని చక్కెరలతో నడుస్తుంది. కాల్షియానికి పట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు, ముద్దలు కట్టదు. బోరు నీళ్లున్న ఊళ్లలో కుంకుడు, శీకాయ ఇంకా నిలబడ్డాయంటే ఇదో గట్టి కారణమని నా నమ్మకం.

ముందు నూనె పట్టించడం కూడా ఆలోచించి పెట్టిన వరసే. పాత జిడ్డు కొత్త నూనెలో కలిసి మెత్తబడుతుంది. తర్వాత సున్నిపిండి ఆ నూనెను పీల్చుకుంటుంది, గరుకుదనం వల్ల చనిపోయిన కణాలు రాలతాయి. నూనె తలకు మొదటిసారి కుంకుడు రసం పోసినప్పుడు నురగ రాదు, రెండోసారికి వస్తుంది, గమనించారా? మొదటిసారి సపోనిన్ అంతా నూనెను చుట్టుకోవడానికే సరిపోతుంది. నురగ అనేది పని చేసే వస్తువు కాదు, నూనెను తీసేశాక కూడా సపోనిన్ ఇంకా మిగిలి ఉందని చెప్పే గుర్తు.

ఈ నూనె, నీళ్ల తగువు మీద పని చేసినవాళ్లలో నాకు ఎంతో గౌరవం ఉన్న మనిషి ఆగ్నెస్ పోకెల్స్. జర్మనీలో ఇంటిపని చూసుకుంటూ, యూనివర్సిటీకి వెళ్లే అవకాశం లేకుండా, వంటింట్లో జిడ్డు గిన్నెలు కడిగే నీళ్ల పైపొరను ఏళ్ల తరబడి కొలిచింది. ఆమె రాసిన ఉత్తరాన్ని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1891లో నేచర్ పత్రికకు పంపి అచ్చు వేయించారు. తలతన్యత కొలిచే పరికరాల్లో ఇప్పటికీ ఆమె ఆలోచన ఉంది.

తెల్లకోటు

నలుగుపిండి గారూ, ఒక్క మనవి. పెద్దవాళ్లకు నలుగు సరే. పసిబిడ్డలకు పిండితో గట్టిగా రుద్దకండి. వాళ్ల చర్మం పైపొర ఇంకా పలచన. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానమే వద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. ఇంకోటి, కుంకుడు రసం కంట్లో పడితే ఆ మంట మామూలుగా ఉండదు, వెంటనే బాగా నీళ్లతో కడగండి.

వేపచెట్టు గారూ, మీ బాబు సంగతి. మోచేతి మడతల్లో దురద, పొడి చర్మం, కొత్త ఊరి నీళ్లు: ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) అయ్యే అవకాశం ఉంది. ఒకసారి దగ్గర్లో చర్మ డాక్టర్‌కి చూపించండి. చర్మం పైపొరలో కణాల మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. లోపలి తేమ బయటికి పోకుండా కాపాడేది అవే. సబ్బుకి మురికి నూనె ఏది, మన చర్మానికి కావాల్సిన కొవ్వు ఏది అని తేడా తెలియదు. రెండూ తీసుకుపోతుంది. పైగా చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5 దగ్గర, సబ్బుది 9, 10 దగ్గర. కఠిన జలంలో అయితే కడిగినా వదలని ఆ పొర అదనం. రోజూ ఒళ్లంతా సబ్బు అక్కర్లేదు. చంకలు, గజ్జలు, పాదాలు, చేతులకు చాలు. మిగతా ఒంటికి నీళ్లు సరిపోతాయి. మరీ వేడి నీళ్లు వద్దు. తుడిచీ తుడవకుండా, తేమ ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి.

ఇంటి_సబ్బులు | హనుమకొండ

నేను ఇంట్లో కోల్డ్ ప్రాసెస్ సబ్బులు చేసి అమ్ముతాను. ఆన్‌లైన్‌లో 'చేతితో చేసిన నిజమైన సబ్బు, పీహెచ్ 5.5' అని అమ్మేవాళ్లను చూస్తే బాధేస్తుంది. నూనె, కాస్టిక్ సోడాతో చేసిన సబ్బు ఎవరు చేసినా 9, 10 దగ్గరే ఉంటుంది. దాని పీహెచ్ 5.5కి దించితే సబ్బు విరిగి మళ్లీ కొవ్వు ఆమ్లంగా మారిపోతుంది, అప్పుడది సబ్బే కాదు. పీహెచ్ తక్కువ కావాలంటే సిండెట్ బార్, అంటే కృత్రిమ డిటర్జెంట్‌తో చేసిన బిళ్ల, తీసుకోవాలి. వెనక సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అని రాసి ఉంటుంది. అది సబ్బు కాదు, కాల్షియంతో ముద్ద కూడా కట్టదు. నా సబ్బులు కొనమని చెప్పాలని ఉన్నా, మీ బాబుకి ఇదే మేలు.

మామూలు సబ్బు కొనేటప్పుడు రేపర్ మీద టీఎఫ్‌ఎం చూడండి, అంటే అందులో ఉన్న కొవ్వు పదార్థం శాతం. బీఐఎస్ లెక్కలో టాయిలెట్ సోప్ గ్రేడ్ 1 అంటే కనీసం 76, గ్రేడ్ 2 అంటే 70, గ్రేడ్ 3 అంటే 60. 'బేతింగ్ బార్' అని రాసి ఉంటే అది వేరే తరగతి, దానికి 40 ఉన్నా చాలు.

డల్లాస్_నుంచి

మాది వేరే ఇబ్బంది. ఈ ఇంట్లో వాటర్ సాఫ్టనర్ (నీళ్లలోని కాల్షియం తీసేసే పరికరం) ఉంది. ఎంత కడిగినా సబ్బు పోనట్టు ఒళ్లు జారుతూనే ఉంటుంది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఈ నీళ్లు జిడ్డు అని తెగ విసుక్కునేది.

కెమిస్ట్రీ_లెక్చరర్

నీళ్లలో కాల్షియం లేదు కాబట్టి ఒంటి మీద ఉన్న సబ్బు సబ్బుగానే ఉండిపోతుంది, జారుడు త్వరగా పోదు. కఠిన జలంలో అదే సబ్బు వెంటనే ముద్దగా మారి చర్మం గరగరలాడుతుంది. ఆ గరగరను మనం శుభ్రం అనుకోవడం అలవాటైంది. సబ్బు సగానికి తగ్గించండి, సరిపోతుంది.

వేపచెట్టు

అందరికీ చాలా చాలా థాంక్స్. చుక్కల కిట్ తెప్పించి పరీక్ష చేశాను. ఎర్రటి నీళ్లు నీలం అయ్యేదాకా చుక్కలు లెక్కపెడితే 480 వచ్చింది. మా వాచ్‌మన్ టీడీఎస్ మీటర్ చూపించి అదే కఠినత్వం అన్నాడు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ, కఠినత్వం అంటే కాల్షియం, మెగ్నీషియం మాత్రమే, రెండూ ఒకటి కాదని ఆయనకి చెప్పాను.

డాక్టర్ ఎగ్జిమానే అన్నారు, క్రీమ్ రాశారు. బాబుకి సిండెట్ బార్ మొదలుపెట్టాను. చివరి రెండు మగ్గులు మున్సిపల్ నీళ్లు పోస్తున్నాం. అసోసియేషన్ వాళ్లు ట్యాంక్ దగ్గర సాఫ్టనర్ పెడదామంటున్నారు. ఆ నీళ్లు తాగడానికి, మొక్కలకు వాడొచ్చా?

కెమిస్ట్రీ_లెక్చరర్

సాఫ్టనర్లో ఉండే రెసిన్ కాల్షియాన్ని పట్టుకుని, బదులుగా సోడియం వదులుతుంది. టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది. 100 కఠినత్వానికి లీటరుకు 46 మిల్లీగ్రాముల చొప్పున సోడియం పెరుగుతుంది. మీ 480కి సుమారు 220. స్నానానికి, బట్టలకు ఏ ఇబ్బందీ లేదు. తాగడానికి నేరుగా వద్దు, ముఖ్యంగా ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే. ఆర్వో పెట్టుకుంటే ఆ సోడియం చాలావరకు పోతుంది. మొక్కలకు మాత్రం సాఫ్టనర్ ముందు నుంచే ఒక పైపు వేరుగా తీయించండి, సోడియంతో మట్టి గట్టిపడుతుంది. రెసిన్ కడిగినప్పుడు వచ్చే ఉప్పు నీళ్లు ఎటు పోతాయో కూడా ముందే అడగండి, అవి ఇంకుడు గుంతలోకి పోతే మళ్లీ మీ బోరులోకే వస్తాయి.